సుల్తాను పరుపు

నేను జీవితంలో రాసింది ఒక్కటే నవల. కృష్ణ ఒడ్డున ఎప్పుడూ లేని ఒక సుల్తాను రాజ్యం, ఆ కోటలో తిరిగే జిన్నులు, నిద్ర పట్టని ఒక సుల్తాను. చదివినవాళ్ళు ఫోను చేస్తే ఎక్కువగా మాట్లాడేది ఒక్క అధ్యాయం గురించే. సుల్తానుకు నిద్ర రావడం కోసం రోజూ సాయంత్రం కొత్త దూది ఏకి కొత్త పరుపు కుట్టే అధ్యాయం అది. ఆ ఊహ మీకెలా వచ్చిందండీ అని అడుగుతారు. ఏదో అలా వచ్చిందండీ అంటాను. పచ్చి అబద్ధం. అది నాకు రాలేదు. మా పక్క కొట్టువాడికి వచ్చింది.

వాడు అంటున్నాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నాం. ఇప్పుడు అలా పిలిచే హక్కు నాకు ఉందో లేదో చెప్పలేను. కానీ నోటికి వేరే మాట రావడం లేదు.

నరసరావుపేటలో మాది స్టీలు సామాన్ల కొట్టు. నాన్న పోయాక గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నాను. పక్కనే వాడి పరుపుల కొట్టు. పెళ్ళి కుదిరినవాళ్ళు ముందు నా దగ్గర బిందెలూ గంగాళాలూ చూసుకుని, అటు నుంచి అటే వాడి కొట్టెక్కి పరుపులూ దిండ్లూ చెప్పి వెళ్ళేవాళ్ళు. వాడు నూర్‌బాషా. మా వైపు దూదేకులవాళ్ళంటారు. దూది ఏకడం వాళ్ళకు తాతల నాటి పని. పేర్లు ముస్లిం పేర్లు, నమాజు చేస్తారు, రంజానులో ఉపవాసాలుంటారు, ఇంట్లో మాట మాత్రం తెలుగు. ఉర్దూ మాట్లాడే సాయిబులు చాలామంది వీళ్ళను పూర్తిగా తమలో కలుపుకోరు. మనవాళ్ళు మనలో కలుపుకోరు. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

యాభై దాటాక నాకు నవల రాయాలనే పిచ్చి పట్టింది. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో రాజుల కథలన్నీ నమిలేసినవాణ్ణి. పల్నాడు ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు దాటితే నాలుగింటి దాకా మా వీధిలో కుక్క కూడా కదలదు. బేరం లేని ఆ నాలుగు గంటలూ గల్లాపెట్టె మీద నోటుబుక్కు పెట్టుకుని రాసేవాణ్ణి. యుద్ధాలూ కోటలూ పుస్తకాలు చూసి రాసుకున్నాను. కానీ సుల్తాను పొద్దున లేచి ఏం చేస్తాడు, వాళ్ళమ్మ కొడుకుని ఎలా మందలిస్తుంది, కొత్త మహల్లోకి వెళ్ళేటప్పుడు ఏం చేస్తారు, ఇవి ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. పక్కనే ఒక ముస్లిముని పెట్టుకుని లైబ్రరీల చుట్టూ తిరగడమెందుకు అనుకున్నాను. వెళ్ళి వాణ్ణి అడిగాను.

వాడు సూది ఆపి, నన్నడుగుతావేందిరా, రాజుల సంగతి మాకేం తెలుసు అన్నాడు. నీకు తెలియకపోతే నాకు తెలుసుద్దా, మీ వాళ్ళేగా అన్నాను. మీ వాళ్ళేగా అనగానే వాడు నా ముఖం వైపు కాసేపు చూశాడు. చూసి మళ్ళీ కుట్టు మొదలుపెట్టాడు. నేను విసుక్కుని వచ్చేశాను. నాకు విసుగు ముందు పుట్టి నేను వెనక పుట్టాను.

మర్నాడు నాలుగింటికి టీ తాగడానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా అదొక అలవాటు. వీధిలోని టీ బండి దగ్గర నుంచి రెండు గ్లాసులు నా కొట్టుకే వస్తాయి, వాడు వచ్చి నా స్టూలు మీద కూర్చుంటాడు. ఆ రోజు గ్లాసు పట్టుకుని, కొత్త మహల్లోకి పోయేటప్పుడు సుల్తాను వాళ్ళమ్మ పాలు పొంగిస్తదంట అన్నాడు. తూర్పు దిక్కుకి పొంగాలంట. నేను గబగబా రాసుకున్నాను. మనలాగే అన్నమాట అని సంతోషపడ్డాను కూడా. కొత్తింట్లో పాలు పొంగించడం మాకెంత సహజమంటే, సుల్తాను గారింట్లో పాలు పొంగకపోతేనే నాకు అనుమానం వచ్చేదేమో.

అలా మొదలైంది. రెండేళ్ళకు పైగా సాగింది. కొత్త పరుపు మీద ఎవరైనా కూర్చునే ముందు ఇంట్లో అందరికంటే ముసలామె రెండు అరచేతులతో నొక్కి చూడాలంట. కోట తలుపులు తెరిచేటప్పుడు నగారా కొట్టరంట, దూది ఏకే విల్లు మోగిస్తారంట. అన్నీ 'అంట'లే. ఎవరు చెప్పార్రా అంటే, పెద్దోళ్ళు అనేవాడు. దూది ఏకడానికి మిషన్లు వచ్చి ఎన్నో ఏళ్ళయింది, మిషను పరుపులను కూడా కంపెనీల ఫోము పరుపులు మింగేస్తున్నాయి. వాడి తాత విల్లు కొట్లో గోడకు వేలాడుతూ ఉండేది. ఆ విల్లు మోత ఎలా ఉంటుందో చెప్పమంటే, దించి, దుమ్ము తుడిచి, గుప్పెడు దూది కింద పెట్టి మోగించి చూపించాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆ రోజు వాడి ముఖంలో ఉన్న వెలుగు నేను అంతకుముందు వాడి పెళ్ళిలో కూడా చూడలేదు.

కథ మధ్యలో నాకు పెద్ద చిక్కు వచ్చి పడింది. శిస్తు కట్టలేదని ఒక ఊరిని తగలబెట్టమని సుల్తాను సంతకం పెడతాడు. ఆనాటి నుంచి అతనికి నిద్ర దూరమవుతుంది. హకీములు వస్తారు, మందులిస్తారు, జిన్నులను పట్టే ఫకీర్లు వస్తారు. ఎవరి వల్లా కాదు. అక్కడ కథ నిలిచిపోయింది. మూడు నెలలు ఒక్క పేజీ కదల్లేదు. టీ తాగుతూ వాడి దగ్గర మొత్తుకున్నాను.

"నిద్ర పట్టనోడికి మందెందుకురా, పరుపు మార్చాల గానీ" అన్నాడు వాడు.

తర్వాత కోటలో ఒక కట్టుబాటు ఉండేదంట అని మొదలుపెట్టాడు. ఏ ఊరివాళ్ళు ఏడుస్తూ దర్బారుకు వస్తే, ఆ ఊరి పత్తి తెప్పిస్తారంట. సాయంత్రంలోగా దాన్ని ఏకి పరుపు కుట్టి సుల్తానుకు వేస్తారంట. నిద్రలో సుల్తానుకు ఆ ఊరి మనుషులు కనపడతారంట, వాళ్ళ బాధ వాళ్ళే చెప్పుకుంటారంట. పొద్దున లేచి ఆ బాధ తీరిస్తే పరుపు తేలిగ్గా ఉంటుంది. తీర్చకపోతే దాన్ని మోయడానికి నలుగురు మనుషులు కూడా చాలరు. మరి తగలబడిన ఊళ్ళో పత్తి ఎక్కడుంటుందిరా అన్నాను. బూడిద ఉండిద్దిగా అన్నాడు. పరుపులు కుట్టేవాడు ఆ బూడిదనే సంచుల్లో మోసుకొచ్చి, విల్లు పెట్టి ఏకి, పరుపులో కూరి సుల్తానుకు వేశాడంట.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇది నిజంగా కోటల్లో జరిగేదా అని అడిగాను. జరిగేదంట అన్నాడు, గ్లాసు అడుగు వైపు చూస్తూ. అప్పుడైనా నాకు బుర్ర వెలగాలి. బూడిదను ఎవడైనా ఏకుతాడా? ఏ చరిత్రలో ఉంటుంది ఆ మాట? కానీ నాకు కావలసింది నిజం కాదు, నవల. పైగా ఊరికే వచ్చిన సరుకు.

ఆ చలికాలంలో ఇద్దరం బండి మీద మాచర్ల మీదుగా ఎత్తిపోతల వెళ్ళాం. సుల్తాను కోట ఎక్కడ పెట్టాలో చూద్దామని నా వంక. యాభై దాటిన ఇద్దరు మగవాళ్ళు కోటకు స్థలం చూసుకోవడానికి బయల్దేరారని మా ఆవిడ నవ్వింది. వాడు జలపాతం ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. దూది ఏకుతుంటే ఎగిరినట్టుందిరా అన్నాడు. తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఈ మోత దగ్గర కోట కడితే సుల్తాను ఏడ్చినా బయటికి వినపడదు, ఇక్కడే కట్టు అన్నాడు. కట్టాను. ఆ రోజు వాడు నాతో ఉన్నంత సంతోషంగా నాతో ఎవరూ ఎప్పుడూ లేరు. అది తలుచుకుంటే ఇప్పుడు నాకు ఏడుపొస్తుంది. రాసేటప్పుడు కూడా వస్తోంది, దాచుకోవడం ఎందుకు.

పుస్తకం అచ్చయింది. ముందుమాట నేనే రాశాను. ఇది కల్పిత కథ, కానీ ఇందులోని దర్బారు ఆచారాలన్నీ ముస్లిం పెద్దల నోట విని సేకరించినవి అని రాశాను. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఏ గొడవా లేదు. జిన్నులు తిరిగే కథలో పాలు పొంగితే ఎవడు అడుగుతాడు? కానీ నాకు ఊహలు రాసేవాడనిపించుకోవడం చాల్లేదు, పరిశోధకుడు అనిపించుకోవాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు, కథకు లేని చరిత్ర నాకెందుకు?

ఆవిష్కరణ సభ మా ఊళ్ళోనే పెట్టాను. కల్యాణ మండపం పై హాలు. వంద మంది దాకా వచ్చారు. వాడు కొత్త తెల్ల చొక్కా వేసుకుని, భార్యను తీసుకుని అరగంట ముందే వచ్చి, కుర్చీలు సర్దించి, ముందు వరసలో కూర్చున్నాడు. వాడి భార్యది ఈపూరు వైపు. నేను చెల్లెమ్మా అంటాను, ఆవిడ అన్నయ్యా అంటుంది. గుంటూరు నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాను. ఉర్దూ లెక్చరరుగా పనిచేసి రిటైరైన మనిషి. చాలా మర్యాదస్తుడు. నవలను శ్రద్ధగా చదివి వచ్చాడు. పరుపు అధ్యాయాన్ని గొంతెత్తి చదివి వినిపించాడు, హాలంతా చప్పట్లు కొట్టింది. వాడు తల వంచుకుని మోకాళ్ళ మీది చేతులు చూసుకుంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అంతటితో ఆపితే బాగుండేది. పెద్దాయన ముందుమాట తెరిచాడు. నవల తనకు నచ్చిందనీ, అయితే ఈ ఆచారాలన్నీ నిజమైనవేనన్న మాట మీద ఒక సందేహమనీ అన్నాడు. పరుపు సంగతి తాను చదివిన ఏ తవారీఖులోనూ, ఏ పాత చరిత్ర గ్రంథంలోనూ లేదు. సుల్తాను తల్లి తూర్పు ముఖంగా పాలు పొంగించడం తాను ఎక్కడా వినలేదు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత ఇంకొందరు. పెద్దాయన నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని, ఇవన్నీ మీకు ఎవరు చెప్పారండీ అని నన్ను అడిగాడు.

నేనే ఊహించానండీ అంటే సరిపోయేది. రెండు ముక్కలు. కానీ నా ముఖం కాలిపోతోంది. నేను వ్యాపారస్తుణ్ణి. కొన్న బిందె కారుతోందని ఎవరైనా తెస్తే, మాదేముందండీ, తయారుచేసినవాడు అలా ఏడిశాడు అని తోసేయడం ముప్పై ఏళ్ళుగా కొట్లో చేస్తున్న పని. ఆ అలవాటే ముందుకు వచ్చింది. మైకు అందుకుని, ముందు వరస వైపు చెయ్యి చూపించి నవ్వుతూ అన్నాను.

"తురకలు లేని ఊళ్ళో దూదేకులాయనే ముల్లా అన్నారు గదండీ. నాకు దొరికిన ముల్లా ఈయనే."

హాలు ఘొల్లుమంది. నా ముఖం మీది వేడి దిగిపోయింది. అందరూ చూపించిన వైపు చూశారు. వాడు కూడా నవ్వాడు. అందరి తర్వాత మొదలుపెట్టి, అందరూ ఆపాక కూడా ఇంకాసేపు నవ్వాడు. నవ్వనివాళ్ళు ముగ్గురు. వాడి భార్య, మా ఆవిడ, ఆ గుంటూరు పెద్దాయన. పెద్దాయన తన కుర్చీలోంచి లేచి వాడికి సలాం చేసి, పరుపు అధ్యాయం మీదైతే చాలా గొప్పది అన్నాడు. వాడు లేచి నిలబడి, కాదండీ, అంతా రచయిత గారిదే అన్నాడు.

ఆ సామెత మా ఊళ్ళో రోజూ వినపడేదే. అంగట్లో అంటారు, ఆఫీసుల్లో అంటారు, పక్కన దూదేకుల మనిషి ఉన్నా లేకపోయినా అంటారు. అనేవాడికి అది గాలి. ఇంటికి వస్తుంటే స్కూటరు వెనక కూర్చుని మా ఆవిడ, ఏమన్నావో నీకు తెలిసిందా అని అడిగింది. సరదాకి అన్నాలే, వాడేమనుకోడు అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని నేను గిరాకీలకు నీతులు చెప్పేవాణ్ణి.

మర్నాడు వాడు మామూలుగానే కొట్టు తెరిచాడు. నిన్న భోజనాలు బాగున్నయ్‌రా అన్నాడు. చూశావా, వాడేమనుకోలేదు అని మనసులో మా ఆవిడకు సమాధానం చెప్పుకున్నాను. నాలుగింటికి రెండు గ్లాసులు వచ్చాయి. వాడు రాలేదు. పని ఉందిరా, ఇక్కడికే పంపించు అన్నాడు. రెండో రోజూ అంతే. వారం తర్వాత టీ బండివాడే అర్థం చేసుకుని ఒక గ్లాసు నాకు, ఒక గ్లాసు వాడికి విడిగా ఇవ్వడం మొదలుపెట్టాడు.

సభలో ఎవరో ఫోనులో వీడియో తీశారు. పెద్దాయన చదివిన అధ్యాయం ఎవరికీ అక్కరలేదు, నా జోకు ముక్క మాత్రం వాట్సాప్‌ గ్రూపుల్లో తిరిగింది. వీధి చివర మసీదులో వాణ్ణి ముల్లా గారూ అని పిలవడం మొదలుపెట్టారని మా కొట్టుకు వచ్చిన ఒకాయన నవ్వుతూ చెప్పాడు. ఆ తర్వాత శుక్రవారం మధ్యాహ్నం వాడు మసీదు వైపు కాకుండా బండి అటు తిప్పి ఊరి అవతలికి పోవడం చూశాను. అక్కడ ఇంకో మసీదు ఉంది, వాణ్ణి ఎరగనివాళ్ళు ఉండేది. ముప్పై ఏళ్ళు నడిచి వెళ్ళిన చోటికి వాడు ఇక వెళ్ళలేకపోయాడు. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాను.

అప్పుడే లేచి వెళ్ళి కాళ్ళ మీద పడాల్సింది. రోజూ షట్టరు ఎత్తేటప్పుడు ఈ రోజు చెబుదాం అనుకునేవాణ్ణి. చెబితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఒప్పుకుంటే నవలలో మంచిదంతా ఎవరిదో కూడా ఒప్పుకోవాలి. అక్కడ నా కాలు ఆగిపోయేది. వాడి మీదే కోపం తెచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. తెలియదని ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా ఎందుకు, నన్ను మోసం చేశాడు గదా అనుకునేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉండేది నా ఆలోచన. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒకనాడు వాడి కొట్లో సామాను ఆటోలోకి ఎక్కుతోంది. ఫోము పరుపుల ముందు నిలవలేకపోతున్నా, ఇంటి దగ్గరే పాత పరుపులు ఏకుకుంటా అన్నాడు. తాత విల్లు గుడ్డలో చుట్టుకుని తనే ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాడు. ఫోము పరుపులే కారణం కావచ్చు. నేను అలా అనుకోవడానికి వాడు వీలు కల్పించి వెళ్ళాడు.

పోయిన చలికాలంలో రెండో ముద్రణ వేస్తామని ప్రచురణకర్త ఫోను చేశాడు. ఏమైనా మార్పులుంటే చెప్పమన్నాడు. ఆ రోజు నాకు దారి దొరికింది అనుకున్నాను. కొత్త ముందుమాట రాశాను. పరుపూ, బూడిదా, విల్లు మోతా, కోట చోటూ, అన్నీ వాడివేనని వాడి పూర్తి పేరు పెట్టి రాశాను. అవి ముస్లిం పెద్దల నోట విన్న ఆచారాలు కావు, ఒక దూదేకుల కళాకారుడి ఊహలు అని రాశాను. సభలో నేను అన్న మాట కూడా రాసి, అందరి ముందూ క్షమించమని అడిగాను. నాలుగు పేజీలు. రాసినంతసేపూ ఏడ్చాను. ఇది చదివితే వాడు నన్ను మళ్ళీ ఒరేయ్ అని గట్టిగా తిడతాడు, తిట్టాక టీ తాగుదాం పదరా అంటాడు అని గట్టిగా నమ్మాను.

కాగితాలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఉదయం పదిన్నర. వాడు వెనక వసారాలో పని మీద ఉన్నాడు. చెల్లెమ్మ కుర్చీ వేసింది. సభ తర్వాత ఆవిణ్ణి చూడటం అదే మొదటిసారి. వాడు చేతులు కడుక్కుని వచ్చేలోగా, ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఒక మాట చెప్పింది. నేను మొదటిసారి అడిగిన నాడు వాడు మసీదులో ఒకరిద్దరిని సుల్తానుల సంగతి అడగబోయాడంట. నీకెందుకయ్యా ఆ సంగతులు అని నవ్వారంట. ఇంటికొచ్చి తిండి తినలేదంట. తెలవదని మీ స్నేహితుడికి చెప్పేయొచ్చుగా అని ఆవిడ అన్నదంట.

"ఇన్నేళ్ళకి ఒకడు నన్ను ముస్లిమనుకుని అడిగాడే, తెలవదని ఎట్టా చెప్పేది అన్నాడన్నయ్యా" అన్నది చెల్లెమ్మ.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. వాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు, నువ్వే చదువు అన్నాడు. చదివాను. వాడు మొదటి నుంచి చివరి దాకా కదలకుండా విన్నాడు. చదవడం అయిపోయాక, బాగా రాశావురా అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ 'రా' వినపడేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది.

తర్వాత, ఇది వద్దు అన్నాడు. ఎందుకురా అన్నాను. వాడు కోపంగా చెప్పలేదు, నెమ్మదిగా నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. వీడియో చూసినవాళ్ళు ఊళ్ళోవాళ్ళు, కొన్నాళ్ళకు మర్చిపోతారు. పుస్తకంలో అచ్చయితే పోదు. ఫలానా మనిషి పేరుకే ముస్లిం, ఏమీ తెలియక అన్నీ కల్పించి చెప్పాడు అని తన మనవలు కూడా చదువుతారు. కూతుర్ని సత్తెనపల్లిలో ఉర్దూ మాట్లాడే ఇంటికి ఇచ్చాడు. ఎంతో కష్టం మీద కుదిరిన సంబంధం. అక్కడ ఆ పిల్లకు ఇప్పటికే అనేవాళ్ళు అంటున్నారు. గొప్పగా ఊహించాడని నువ్వు రాస్తావు, వాళ్ళు చదివేది అది కాదు అన్నాడు. నీ బాధ తీరడానికి నువ్వు ఎక్కడైనా రాసుకో, నా పేరు మాత్రం ఎక్కడా పెట్టొద్దు అన్నాడు. అందుకే ఇందులో ఎవరికీ పేరు లేదు.

నా దగ్గర వాడికి ఇవ్వగలిగింది అదొక్కటే. అది వాడికి ఉరితాడు అవుతుందని నాకు తట్టనే లేదు. పేజీలు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఏం చెయ్యమంటావురా, నువ్వే చెప్పు అన్నాను.

వాడు వసారా వైపు చూశాడు.

"ఒకటి అడుగుతా. ఆ రోజు మైకులో అన్నావే, ఆ మాట. అది అప్పటికప్పుడు వచ్చిందా నీకు, ఎప్పటినుంచో లోపలుందా?"

అప్పటికప్పుడే వచ్చిందిరా అనబోయాను. మాట నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నాకు మా పాత ఇంటి వరండా గుర్తొచ్చింది. ఆరో తరగతి సెలవులు. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని పెరుగన్నం తింటున్నాం. ఎదురింటి ఆవిడ వచ్చి, సాయిబుల పిల్లాడికి మీ కంచంలో పెట్టావేమిటి అని మా అమ్మను అడిగింది. మా అమ్మ గరిటె పట్టుకుని నిలబడి, దూదేకులోళ్ళేలే అక్కా, అసలు తురకలైతే గడప తొక్కనిస్తానా అన్నది. వాడు తల ఎత్తలేదు. అన్నం కలుపుతూనే ఉన్నాడు. నాకు మాత్రం సంతోషం వేసింది. ఆ మాటతో ఇక వాణ్ణి ఎవరూ వెళ్ళగొట్టరని నాకు అర్థమైంది. వాడు ముస్లిం కాడన్నందుకు మా వరండాలో అన్నం దొరికింది. ముస్లిం అన్నందుకు నా నవలలో చోటు దొరికింది. రెండుసార్లూ నిర్ణయించింది మేమే. వాణ్ణి ఎవరమూ అడగలేదు.

తలెత్తితే వాడు నా ముఖమే చూస్తున్నాడు. నాకు గుర్తొచ్చిందేమిటో వాడికి తెలిసిపోయింది. నేను నోరు తెరవబోతుంటే చెయ్యి ఎత్తాడు.

"వద్దులే, చెప్పొద్దు. చెప్తే ఇద్దరం వినాల్సొచ్చుద్ది."

కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని లేచాను. వాడు గేటు దాకా వచ్చాడు, జాగర్తగా పో అన్నాడు. నెల తర్వాత రెండో ముద్రణ వచ్చింది. పాత ముందుమాట తీసేయించాను, కొత్తది పెట్టలేదు. పరుపు అధ్యాయంలో ఒక్క అక్షరం మారలేదు. అట్ట మీద నా పేరొక్కటే ఉంది.